అన్నయ్య వానలు, చివర ‘బి’

ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో తప్పులు పట్టిన మనిషి ఆవిడ. వీధిలో అందరూ ప్రూఫులమ్మ అనేవారు. పాల చీటీలో ఒత్తు పోయినా దిద్ది గానీ ఇచ్చేది కాదు.

రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని ఒకటే. ఆవిడ అన్నయ్య పదకొండేళ్లు తన డాబా మీద వాన కొలిచి, రోజూ కంప్యూటర్లో ఎక్కించేవాడు. పోయే ముందు ఆ కంప్యూటర్నీ, కొలిచే గొట్టాన్నీ చెల్లెలికి అప్పగించాడు. అప్పట్నుంచి ఆ లెక్క ఆవిడ రాసేది. అందులో రెండు సిస్టమ్‌లు ఉండేవి. విండోస్‌లో ఆవిడ భర్త చదరంగం ఆడుకునేవాడు. లినక్స్‌లో అన్నయ్య వానలు ఉండేవి. మీట నొక్కగానే తెర మీద ఏది కావాలని అడిగేది. ఎండాకాలమంతా ఆవిడ లినక్స్ తెరిచి, సున్నా వేసి, మూసేసేది. వాన పడలేదని రాయడానికి కూడా కంప్యూటర్ కావాలా అని భర్త ఓసారి అడిగాడు. కావాలంది.

ఒక మంగళవారం పొద్దున ఆ ప్రశ్న రాలేదు. కంప్యూటర్ నేరుగా విండోస్‌లోకి వెళ్లి కూర్చుంది. ముందురోజు ఏదో అప్‌డేట్ చేసుకుంటానంటే సరేనన్నానని భర్త ఒప్పుకున్నాడు. కంప్యూటర్ ఏమడిగినా సరే అనే రకం ఆయన.

అల్లుడు వచ్చి చూశాడు. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు కాబట్టి ఇంట్లో ఈ విషయాల్లో ఆయన మాటే చెల్లేది.

“అంతా చెరిపేసి విండోస్ ఒక్కటే వేసేద్దాం అత్తయ్యా. హాయిగా ఉంటుంది.”

“ఎవరికి?” అందావిడ.

అల్లుడు టీ తాగి వెళ్లిపోయాడు.

ఆవిడ తన ప్రెస్సులో పేజీలు కంపోజ్ చేసిన పాత ఆపరేటర్‌కు ఫోన్ చేసింది. వానలు ఎక్కడికీ పోలేదని, లోపలే ఉన్నాయని, దెబ్బతిన్నది మొదట లేచి ఏది కావాలని అడిగే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామేనని ఆయన చెప్పాడు. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి, చేయాల్సినవి రాసిన కాగితం ఒకటి పంపించాడు. ఆవిడ ముందు కాగితంలో రెండు తప్పులు దిద్ది, తర్వాత పని మొదలుపెట్టింది.

పెన్‌డ్రైవ్‌తో లేపి అన్నయ్య ఫైలు తెరిచింది. అన్నీ ఉన్నాయి. సోమవారం సున్నా కూడా ఉంది. ఆవిడ కాసేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఆ తర్వాత బూట్‌లోడర్‌ను మళ్లీ వేసే కమాండ్ కొట్టింది. పని పూర్తయిందని తెర మీద వచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి చూస్తే మళ్లీ విండోసే. పెడితే ప్రశ్న వస్తోంది, తీస్తే రావడం లేదు. మళ్లీ ఫోన్ చేసింది.

“డిస్కు పేరు చివర ‘ఎ’ కొట్టారా, ‘బి’ కొట్టారా? ‘ఎ’ అంటే కంప్యూటర్, ‘బి’ అంటే పెన్‌డ్రైవ్.”

“బి.”

“పర్లేదమ్మా, ఒక్క అక్షరమే కదా,” అన్నాడు ఆపరేటర్. ముప్ఫై ఏళ్లు ఆవిడ వెనక్కి పంపిన పేజీలన్నీ ఆయనవే. ఆ మాటలో సంతోషం వినిపించింది. అది న్యాయమేనని ఆవిడకు తోచింది.

పెన్‌డ్రైవ్ పెట్టి, లినక్స్‌లోకి వెళ్లి, అదే కమాండ్ ఈసారి ‘ఎ’తో కొట్టింది. పెన్సిల్ మొన ఒక్కో అక్షరం కింద ఉంచి మూడుసార్లు చదివాక ఎంటర్ నొక్కింది. పెన్‌డ్రైవ్ తీసేసింది. ప్రశ్న వచ్చింది.

భర్తకు కళ్లజోడు వెతుక్కునే వ్యవధి ఉండాలని, ఆ ప్రశ్న తెర మీద నిలిచే పది సెకన్ల గడువును ముప్ఫై చేసింది. ఇక మీదట కంప్యూటర్ ఏమడిగినా తనను పిలవమంది. ఆయన మాట తప్పే మనిషి కాదు. మర్నాడు వంటింట్లో ఉన్న ఆవిడను ఐదుసార్లు పిలిచాడు. ఐదోసారి, ‘ఓడిపోయారు, మళ్లీ ఆడతారా’ అని చదరంగం అడుగుతోందన్నాడు.

ఆడమంది.