నేను మింగేసిన రెండు మాటలు

ముందే చెప్పేస్తాను, ఆ ఎన్నికలో అతను గెలవలేదు. గెలుస్తాడని నాకూ పెద్ద నమ్మకం ఉండేది కాదు. అయినా నడి ఎండాకాలంలో, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని, గుంతల రోడ్ల మీద మహారాష్ట్ర సరిహద్దులోని దేగ్లూర్ తాలూకా అంతా అతని ప్రచారం జీపులో తిరిగాను. అతను నా దగ్గర మరాఠీ చదువుకున్నవాడు కావడం ఒక్కటే దానికి కారణం.

తొమ్మిదో తరగతిలో ఒకసారి కరువు మీద వ్యాసం రాయమంటే రెండు పేజీలు రాసి, అడుగున "ఇందులో చివర రాసిన సంగతి నాకు గట్టిగా తెలియదు" అని రాసిచ్చాడు. పరీక్ష కాగితంలో ఇలాంటి వేషాలేమిటని రెండు మార్కులు కోసేశాను. ఆ పిల్లవాడే తర్వాత నాందేడ్ కోర్టులో వకీలయ్యాడు, తలకు తెల్ల వెంట్రుకలు తెచ్చుకున్నాడు, ఒక చిన్న పార్టీ తరఫున లోక్‌సభకు నిలబడ్డాడు. ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, కాళ్ళకు దండం పెట్టి, పదహారు పేజీల చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. దేశం సంగతుల మీద అతని అభిప్రాయాలన్నీ అందులో మరాఠీలో ఉన్నాయి. సరిహద్దు ఊళ్ళల్లో మరాఠీ సగమే ఎక్కుతుందనీ, మీటింగుల్లో తన మాటను నేను తెలుగులో చెప్పాలనీ అడిగాడు. ఇక్కడ పిల్లలు టీచరమ్మను బాయి అంటారు. యాభై దగ్గర పడ్డా అతనికి నేను బాయినే.

నా తెలుగు సంగతి కూడా చెప్పాలి. మా నాన్న నిజామాబాదు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి నాందేడ్ వచ్చినవాడు. మా అమ్మది మర్ఖేల్ పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ. తెలుగు గలగలా మాట్లాడతారు గాని తెలుగు అక్షరం ఒక్కటి కూడా గుర్తుపట్టరు. నాకు మా నాన్న పేపరు ముందేసుకుని నేర్పించాడు కాబట్టి వచ్చింది.

ఆ ఊళ్ళవాళ్ళకు తెలుగు అక్షరం రాదని తెలియక అతని కార్యకర్తలు ఒక ఘనకార్యం చేశారు. ఆ పుస్తకాన్ని నిజామాబాదులో ఎవరిచేతో మంచి గ్రాంథికపు తెలుగులోకి రాయించి, తెలుగు అక్షరాల్లో అచ్చేయించి, కట్టలు కట్టలుగా ఊళ్ళల్లో పంచారు. మా అమ్మవాళ్ళ ఊళ్ళో ఒక ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది ఏ దేవుడి స్తోత్రమని అడిగాడట. అప్పుడు నేను కూర్చుని మొత్తం తిరగరాశాను. మాట తెలుగు, అక్షరం మరాఠీది. "కనీస మద్దతు ధర" కొట్టేసి, వాళ్ళు మోండాలో, అంటే మార్కెట్ యార్డులో, ధాన్యం అమ్మేటప్పుడు వాడే "హమీభావ్" అన్న మాటే పెట్టాను. సర్కారు ఇంతకు తగ్గొద్దని కట్టే ధర అది. "సమాఖ్య వ్యవస్థ" దగ్గర ఒక పూట పట్టింది. చివరికి "ఢిల్లీ పని ఢిల్లీది, ముంబై పని ముంబైది, ఒకరి బువ్వల ఒకరు చెయ్యి పెట్టొద్దు" అని రాశాను. దాన్ని మరాఠీలో విడమరిచి చెబితే అతను ఎంత నవ్వాడో, ఇదే అసలు పుస్తకంలోనూ రాసి ఉండాల్సిందన్నాడు.

అతని అభిప్రాయాలన్నీ నాకు నచ్చాయని కాదు. దవాఖానా కార్డులు పంచేముందు దవాఖానాలో డాక్టరు ఉండాలన్నాడు, సరే. పార్లమెంటులో ఆడవాళ్ళ సీట్లు ఇంక ఆలస్యం చేయొద్దన్నాడు, చాలా సరే. ఫౌజు ఉద్యోగాలు పర్మనెంటు చేయాలన్నాడు. అయితే ప్రతి పేజీ కింద అతని పాత జబ్బు బయటపడేది. "దీనికి ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో నా దగ్గర పూర్తి జవాబు లేదు." "ఈ విషయంలో ఎదుటివాళ్ళ వాదనలోనూ కొంత నిజం ఉంది." ఓట్లడిగే మనిషి రాయాల్సిన మాటలా ఇవి! చదివిన ప్రతిసారీ నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మా అమ్మవాళ్ళ ఊరి మీటింగు బడి ముందర సాయంత్రం పూట జరిగింది. ముందు వరసలో మా చిన్నమ్మ కూర్చుంది. మా అమ్మ చెల్లెలు, డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాక పొలం తనే చేయిస్తోంది. దీపావళికి వచ్చిన సోయా ఇంకా ఆమె ఇంట్లోనే ఉంది. ధర పెరుగుతుందేమోనని ఆగి ఆగి, ఇంక లాభం లేదని ఆ వారంలో అమ్మడానికి అడ్తిదారుకు, కమీషను మీద సరుకు అమ్మిపెట్టేవాడికి, చెప్పి పెట్టుకుంది. ఆ డబ్బుతో మృగశిర కార్తె లోపల ఇంటి మీద రేకులు మార్పించుకోవాలి, విత్తనాలు కొనుక్కోవాలి. పోయిన వానాకాలమంతా ఆమె ఇంట్లో కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని పడుకుంది.

అతను సోయా సంగతికి వచ్చాడు. హమీభావ్‌ను చట్టం చేయాలన్నది తన మాట అన్నాడు. దానికోసం పార్లమెంటులో నిలబడతాను, ఓటేస్తాను అన్నాడు. అక్కడితో ఆగొచ్చు కదా. ఆగలేదు. తాను ఒక్కడేననీ, అది చట్టమవుతుందో లేదో తన చేతిలో లేదనీ అన్నాడు. తర్వాత బయటి దేశాల నూనె మీద సుంకం పెంచాలన్నాడు. పెంచితే సోయాకు ధర లేస్తుంది, కానీ మీ ఇంట్లో నూనె ప్యాకెట్టు కూడా పిరమవుతుంది, ఎక్కువ పెట్టి కొనాలి, రెండూ తెలిసి ఓటేయండి అన్నాడు. అని, మైకు నాకిచ్చాడు.

నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూశాను. అంతకుముందు వారమే ఇంకో పార్టీ ఆటో అదిస్తాం ఇదిస్తాం అని ఊరంతా అరిచి పోయింది. వీడేమో నా చేతిలో లేదు అంటాడు. నా శిష్యుడు నా ఊళ్ళో చిన్నబోవడం నాకు ఇష్టం లేకపోయింది. పల్లెటూరి వాళ్ళకు ఇంత నాన్చుడు మాట ఎక్కదని కూడా అనుకున్నాను. ఆ రెండు మాటలు మింగేసి, "హమీభావ్ చట్టం తెస్తడు. సోయాకు ధర లేస్తది" అన్నాను.

చప్పట్లు బాగా పడ్డాయి. తెలుగు రాదు కాబట్టి, తన మాటకే పడ్డాయనుకుని అతను సంబరంగా నా వైపు చూశాడు. నేను నీళ్ళ సీసా వెతుక్కున్నాను.

మూడో రోజు చిన్నమ్మ ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది. "బిడ్డా, సోయాకు అడ్తిదారు టెంపో అచ్చింది. నేను వాపస్ పంపిన. చట్టం అచ్చినంకనే అమ్ముత. ఎన్నడస్తది?"

అలా కాదు, చట్టం అంటే ఏళ్ళు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు, ఇప్పుడే అమ్మెయ్యమని బతిమాలాను. ఆమె నవ్వింది. మైకులో నలుగురి ముందు చెప్పిన మాట నిజమా, ఫోనులో గొణిగిన మాట నిజమా అని నన్నే అడిగింది. వాళ్ళ గల్లీలో ఇంకా ముగ్గురు నలుగురు సోయా ఆపుకున్నారని కూడా చెప్పింది. నువ్వు చెప్పినవని ఆగిండ్రు అంది. ఎండలకు గింజ ఎండి రోజురోజుకూ తూకం దిగుతుందని ఆమెకు నేను చెప్పేదేముంది! అదంతా తెలిసే, నా మాట మీద కూర్చుంది.

ఒక రోజంతా ఎవరికీ చెప్పకుండా ఇంట్లో తిరిగాను. పిరికితనమని నాకు తెలుసు. మర్నాడు వాళ్ళ పార్టీ ఆఫీసుకు పోయి, జరిగింది జరిగినట్టు అతనికి చెప్పాను. ప్రచారం చూసే పెద్దమనిషి అక్కడే ఉన్నాడు. ప్రచారానికి ఇంక మూడు రోజులే ఉన్నాయి, ఆ ఊళ్ళో గాలి మనవైపు తిరిగింది, ఇప్పుడు కెలకొద్దు అన్నాడు. పోలింగయ్యాక బాయిగారు పోయి చెప్పుకుంటారులే అని నాకు దారి కూడా చూపించాడు. నిజం చెప్పొద్దూ, ఆ దారి నాకు బాగానే కనిపించింది.

అతను మాత్రం పుస్తకం తెరిచి ఆ పేజీ చూస్తూ కూర్చున్నాడు. కోప్పడితే బాగుండేది. "ఇందులో చెప్పకూడనిది ఏముందనిపించింది బాయీ?" అని అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఏమీ లేదన్నాను. మరి రేపు పొద్దున భోకర్ మీటింగు సాయంత్రానికి జరిపి, ముందు ఆ ఊరికి పోదామన్నాడు. పెద్దమనిషి నెత్తి కొట్టుకున్నాడు.

అతను తెలుగులో తనే చెబుతానని నాలుగు మాటలు మరాఠీ అక్షరాల్లో నాచేతనే రాయించుకున్నాడు. జీపులో దారి పొడవునా అవే వల్లించాడు. తీరా మైకు పట్టుకున్నాక కాగితం చూడనే లేదు. తన మాట మొన్న సరిగా చేరలేదనీ, తానే గజిబిజిగా చెప్పి ఉంటాననీ మరాఠీలో మొదలుపెట్టాడు. నా తప్పును తన మీద వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఒకప్పుడు నిజం రాసినందుకు మార్కులు కోశాను, ఇప్పుడు నాకోసం వాడు అబద్ధమాడుతున్నాడు. లేచి మైకు లాక్కున్నాను.

"తప్పు ఈయనది గాదు, నాది. ఈయన రెండు మాటలు చెప్పిండు, నేను మీకు చెప్పలే. చట్టం కోసం కొట్లాడుత గాని అచ్చేది రానిది నా చేతుల లేదన్నడు. సోయా ధర లేస్తే నూనె గూడ పిరమైతది అన్నడు. సోయా ఆపుకున్నోళ్ళు నా మాట మీద ఆపొద్దు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక ఇద్దరు ముగ్గురు లేచి పోయారు. ఒకావిడ నూనె ఎంత పిరమవుతుందని అడిగింది. లెక్క తనకు తెలియదన్నాడు. చేతిలో ఏమీ లేనివాడికి ఓటెందుకు అని ఒకాయన అడిగాడు. దానికోసం కొట్లాడే మనిషి అక్కడ ఒక్కడన్నా ఉండాలనుకుంటే వేయండి, లేకపోతే వద్దన్నాడు. చిన్నమ్మ అంతా విని, కొంగు దులుపుకుని, నన్ను చూడకుండా ఇంటికి పోయింది.

అతను భోకర్ పోయాడు. నేను చిన్నమ్మ ఇంటికి పోయాను. లోపలి అర్రలో సోయా సంచులు దూలం దాకా పేర్చి ఉన్నాయి. ఆమె ఒక సంచిని కిందికి లాగి, చూడటానికని విప్పిన మూతి దబ్బనంతో మళ్ళీ కుడుతోంది. అడ్తిదారుకు ఫోన్ చేసిందట, మర్నాడు పొద్దున టెంపో వస్తుందట. ధర మొన్నటికంటే దిగింది. ఎంత దిగిందో ఆమె చెప్పలేదు, నాకు అడిగే ముఖం లేదు. కిందనే కూర్చుని, నావల్ల నీకు నష్టమైంది చిన్నమ్మా అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆమె దారం పళ్ళతో తెంపి నా వైపు చూసింది. ఆమె నన్ను అలా ఎన్నడూ చూడలేదు.

"సోయాది పోనీ బిడ్డా. ధర పడుడు మాకు కొత్తనా? నా చేతుల లేదన్న మాట మాకు ఎక్కదని ఎట్ల అనుకున్నవ్? ఏటా ఇత్తనమేసేటప్పుడు మేం అనుకునేది గదే గద. దున్నుత, ఏస్త, కలుపు దీస్త, వాన నా చేతుల లేదు. అయినా ఏస్తలేమా?"

ముప్పై ఏళ్ళు చదువు చెప్పినదాన్ని, ఆ ఇంట్లోనే చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ గడిపినదాన్ని, వాళ్ళకు ఏది అర్థమవుతుందో నాకే తెలుసనుకున్నాను. బయటి నుంచి వచ్చినవాడే వాళ్ళను నాకంటే ఎక్కువ నమ్మాడు.

చిన్నమ్మ ఇంకో సంచి దగ్గరికి లాక్కుని, దబ్బనంలో దారం ఎక్కించమని నా చేతికిచ్చింది. ఎక్కించి ఇచ్చాను. నా సంచీలోంచి బయటికి కనిపిస్తున్న, నేను తిరగరాసిన పుస్తకం వైపు గడ్డంతో చూపించింది.

"గా పిలగాడు ఏమేం రాసిండో సదువు. ఈపారి మొత్తం సదువు."

ఆమె కుడుతూ ఉంటే నేను మొదటి పేజీ నుంచి చదివాను. దవాఖానా, ఫౌజు, ఆడవాళ్ళ సీట్లు, సోయా, నూనె, అతనికి తెలియనివి, అతని చేతిలో లేనివి. పదహారు పేజీలూ చదివాను.