తన సంతకం మీదే అప్పీలు

చిన్నప్పటి నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పుస్తకం పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ చదివేది. "కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? కుదురుగా కూర్చో" అని అమ్మ కసిరేది. బస్సు డ్రైవరైన నాన్న మాత్రం "పోనీలేవే, నా కూతురు కదా! బండి ఆగితే దానికి తోచదు" అని నవ్వేవాడు.

అలా తిరుగుతూనే కామర్సు డిగ్రీ ముగించి, ఇరవై మూడో ఏట పరీక్ష రాసి పన్నుల శాఖలో అధికారి అయింది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. కిటికీ పక్క బల్ల, గోడ వారన తాళ్లతో కట్టిన ఫైళ్లు, నెలాఖరు వస్తే పై అధికారి గదిలోంచి "ఇంకా ఎన్ని మిగిలాయి?" అని కేక. పని చేతికొచ్చింది గానీ, తను రాసిన ఆర్డరు అందుకున్న మనిషి ఆ తర్వాత ఏమైపోతాడో ఆమెకు తెలిసేది కాదు. అదే మనసును పురుగులా తొలిచేది. ఆఫీసు వదలగానే సాయంకాలం లా కాలేజీకి పరుగెత్తడం మొదలుపెట్టింది. సెక్షన్లన్నీ బస్సులో నిలబడే బట్టీ పట్టింది.

పట్టా వచ్చిన నెలకే, తొమ్మిదేళ్ల ఉద్యోగానికి రాజీనామా రాసింది.

"మళ్లీ ఏం పుట్టింది నీకు? బాగానే ఉందిగా ఉద్యోగం!" అన్నాడు డ్రాయింగు మాస్టరైన భర్త.

"బాగానే ఉంది. ఇలాగే రిటైరైపోతానేమోనని భయంగా ఉంది."

ఓ పెద్ద లాయరు దగ్గర జూనియరుగా చేరింది. తోటి జూనియర్లు తనకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాళ్లు. నోరారా అక్కా అని పిలుస్తూనే జెరాక్సులకు తరిమేవాళ్లు. మొదటిసారి ఆమె వాదించాక పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వింకా ఆఫీసరులాగే మాట్లాడుతున్నావమ్మా. తీర్పు చెప్పేది వాళ్లు. నువ్వు అడగాలి."

అడగడం నేర్చుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ తర్వాత ఒక ప్రింటింగు ప్రెస్సు పైన సొంతంగా గది తీసుకుంది. కింద మిషను తిరిగితే పైన బల్ల మీద పెన్నులు దొర్లేవి.

ఓ మధ్యాహ్నం, కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన సంచీ నిండా కాగితాలతో మెట్లెక్కి వచ్చాడు. ఇల్లు అమ్మగా వచ్చిన డబ్బు బ్యాంకులో వేస్తే, దాన్ని దాచిన ఆదాయమన్నారట. మొదటి అప్పీలు పోయింది. ఇక మిగిలింది ట్రిబ్యునలే.

ఆర్డరు చివరి పేజీ తిప్పిన ఆమె లేచి నిలబడింది. కిటికీ దాకా వెళ్లింది, వెనక్కొచ్చింది, మళ్లీ వెళ్లింది.

"ఎవరు రాశారో గానీ తల్లీ, ఒక్కసారి నన్ను పిలిచి అడిగుంటే అయిపోయేది. అమ్మకం కాగితాలు కూడా ఉత్తరంతో పంపాను" అన్నాడాయన.

"బాబాయిగారూ, ఆ సంతకం నాదే."

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. "అయితే ఇన్నేళ్లుగా నా తిరుగుడంతా..." అన్నాడు. ఆమె కాగితాలన్నీ సర్ది తిరిగి సంచీలో పెట్టింది.

తను రాసిన ఆర్డరు మీద తనే వాదించకూడదు. అందుకని ఆయన్ను వెంటబెట్టుకుని ఒకప్పటి తోటి జూనియరు ఆఫీసుకు తీసుకెళ్లింది. తను మాత్రం ఆ ఆర్డరులో తప్పు తనదేనని ప్రమాణపత్రం రాసిచ్చింది.

"ఇది బయటికొస్తే నీ పేరు పోతుంది" అన్నాడు భర్త, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్న ఆమె వెనకే తనూ తిరుగుతూ.

"పోనీ. ఆయన చెప్పులు అరిగాయిగా!"

విచారణ రోజున ట్రిబ్యునల్ సభ్యులు ఆమెను ముందుకు పిలిచారు. "ఆ ఉత్తరం ఫైల్లో ఉందా?" అని అడిగారు.

"ఉందండీ. నెలాఖరు హడావుడిలో నేను చదవలేదు."

ఆర్డరు కొట్టేశారు. ముసలాయన తన లాయరుకు దండం పెట్టాడు. ఆమె వైపు తిరిగి, "నిజం చెప్పావు, సరే. ముందే చదివి ఉండాల్సిందమ్మా" అని, సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ముసలాయన ఆర్డరు రాసిన ఆ నెలాఖరు వారంలో ఆమె రాసినవి మొత్తం నలభై ఆర్డర్లు. మిగతా ముప్పై తొమ్మిదింటి జాబితా కావాలని పాత ఆఫీసుకు అర్జీ పెడితే కుదరదన్నారు. మళ్లీ పెట్టింది. ఇప్పుడు శనివారాలు పాత నోటీసులతో వచ్చేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోదు. ఎవరు కాగితం చాపినా ముందు చివరి పేజీయే తిప్పుతుంది.