మానేయడానికే బాగుపడిన కాలు

2009 వేసవి. అప్పట్లో నేను కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తుండేదాన్ని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసిన ఇంజనీర్లు. అందుకే ఫిగర్ స్కేటర్ ఒకమ్మాయి వస్తోందనగానే నాకు హుషారొచ్చింది.

ఆ అమ్మాయి పేరు మినోరి. వాళ్లది జపాన్ ఉత్తరాన, మంచు బాగా కురిసే చిన్న ఊరు. చిన్నప్పుడు అక్క వెంట సరదాగా ఐస్ స్కేటింగ్ రింక్‌కి వెళ్లిందట. కొన్నాళ్లకి అక్క మానేసింది, ఈమె మానలేదు. జూనియర్ పోటీల్లో పతకాలు గెలిచింది. పదిహేడో ఏట కాలిఫోర్నియా వచ్చి, ఒక అమెరికన్ కోచ్ ఇంట్లోనే ఉంటూ శిక్షణ తీసుకుంది. నన్ను కలిసేనాటికి ఇరవై మూడేళ్లు.

కుడిపాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్. అంటే ఎముక ఒక్క దెబ్బకి విరగడం కాదు, ఏళ్ల తరబడి పడిన ఒత్తిడికి వెంట్రుకంత సన్నగా చీలడం. ఆ కాలే ఆమె ల్యాండింగ్ లెగ్. గాల్లో మూడు చుట్లు తిరిగి దిగేటప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఆ ఒక్క పాదమే మోయాలి. ఎముక అతుక్కుందని డాక్టర్ తేల్చాక నా పని మొదలైంది.

ఇంటి దగ్గర చేయమన్న వ్యాయామాలు నిజంగా చేసే పేషెంట్లు తక్కువ. మినోరి చేసేది. నొప్పి ఉంటే దాచేది కాదు. వేసవి ముగిసేలోపే హాప్ టెస్ట్ పెట్టాను. ఒంటికాలి మీద గెంతించి రెండు కాళ్ల బలాన్నీ పోల్చే పరీక్ష అది. రెండూ ఇంచుమించు సమానంగా వచ్చాయి.

ఆ రోజు కోచ్ కూడా వచ్చింది. ఒకప్పుడు తనూ స్కేటరే.

“వచ్చే ఏడాదికి కొత్త సంగీతంతో కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టొచ్చా?” అని నన్నడిగింది.

“పాదం ఇలాగే కోలుకుంటే అభ్యంతరం లేదు” అన్నాను.

మినోరి తలవంచుకుని సాక్సులు తొడుక్కుంటోంది. ఫోన్ రావడంతో కోచ్ బయటికి వెళ్లింది. అప్పుడు మినోరి మెల్లగా అంది.

“వచ్చే ఏడాది ఉండదు. డిసెంబర్‌లో మా దేశపు జాతీయ పోటీలతో ఆపేస్తాను.”

“నొప్పి వల్లనా?”

“కాదు. నొప్పి వల్ల ఆపాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. అందుకే మీ దగ్గరికి వచ్చాను. కాలు బాగుండగా ఆపాలి.”

ఈ మాట కోచ్‌కి ఇంకా చెప్పలేదట. ఇన్నేళ్లు ఇంట్లో పెట్టుకుని చూసినావిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదంది. నేను చెప్పకూడదు, పేషెంట్ మాట బయటపెట్టే హక్కు నాకు లేదు.

సాయంత్రం భోజనాల దగ్గర, పేరూ ఆటా చెప్పకుండా మా ఆయనతో అన్నాను.

“ఇంత కష్టపడి ఫిట్ చేస్తే, క్విట్ చేస్తానంటోందండీ.”

ఆయన తన మోకాలు తడుముకున్నాడు.

“నా వాలీబాల్‌ని మోకాలు ఆపేసింది, నేను ఆపలా. ఇప్పటికీ కల్లో ఆడతానే ఉంటా. ఆ పేషెంట్‌కి ఆ గొడవ ఉండదులే” అన్నాడు.

ఆ మాటతో నాకు మినోరి అర్థమైంది. పెళ్లయి అన్నేళ్లయినా ఆయన కలల సంగతి నాకు అప్పుడే తెలిసింది.

కొద్దిరోజులకి ట్రిపుల్ జంప్‌లకి అనుమతించే ముందు చూద్దామని రింక్‌కి వెళ్లాను. స్వెటర్ వేసుకున్నా వణుకు ఆగలేదు. మినోరి వెనక్కి జారుతూ వేగం అందుకుని ఎగిరింది. కుడికాలి మీద దిగి, చేతులు చాచి, చప్పుడు లేకుండా పొడవాటి వంపులో సాగిపోయింది. నా కళ్లు ఆమె పాదం మీదే ఉన్నాయి. అది తొణకలేదు.

ఆమె నేరుగా కోచ్ దగ్గరికొచ్చి ఆగింది. “డిసెంబరే నా చివరి పోటీ” అంది.

కోచ్ ముఖం వాడిపోయింది. తర్వాత మినోరి చేతులు పట్టుకుని, “అయితే ఈ చివరి ప్రోగ్రామ్‌కి నేను ఎంచిన సంగీతం ఎందుకు? నీకు నచ్చింది తెచ్చుకో” అంది. మినోరి ఏడుస్తూనే నవ్వింది.

అర్హత పోటీలు దాటింది. డిసెంబర్‌లో తన దేశంలో, అమ్మా అక్కా చూస్తుండగా ఆడింది. కొత్త సంవత్సరంలో తిరిగొచ్చి క్లినిక్‌కి వచ్చింది.

“పతకానికి చాలా దూరంలో ఆగిపోయాను. కానీ ఒక్కసారి కూడా పడలేదు” అని చెప్పింది.

ఇప్పుడు అదే రింక్‌లో పిల్లలకి నేర్పుతోంది.

అంతకుముందు కొత్త పేషెంట్‌ని ఎక్కడ నొప్పి అని అడిగేదాన్ని. పాత ఆటకో పాత పనికో తిరిగి పంపడమే వైద్యం అనుకునేదాన్ని. మినోరి తర్వాత ఇంకో ప్రశ్న చేర్చాను: బాగయ్యాక ఏం చేయాలనుంది? మొన్నొకాయన, కూతురి పెళ్లిలో ఒక్క పాటకి డ్యాన్స్ చేస్తే చాలు, ఆ తర్వాత మోకాలు ఏమైనా పర్వాలేదన్నారు. ఆ ఒక్క పాటకి సరిపడా వ్యాయామాలతోనే మొదలుపెట్టాం.