సలోమి వదిన ఎడమ చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. యాకుత్‌పురాలో స్టేషన్‌కు వెళ్లే గల్లీలో నాది చిన్న రిపేరు దుకాణం. కీబోర్డులు, ఆంప్లిఫయర్లు, భజన మండళ్ల మైకులు బాగుచేస్తాను. వాటంతటవే మోగే కీబోర్డులు నా దగ్గరికి చాలానే వచ్చాయి. ఒకింటివాళ్లయితే ఏదో గాలి సోకిందని నిమ్మకాయ కట్టి మరీ తెచ్చారు. విప్పి చూస్తే మీటల కింద బొద్దింక. ఇంకోదాంట్లో డెమో పాట బటన్ లోపలికి ఇరుక్కుపోయి ఉంది.

శబ్దం వచ్చిందంటే ఎక్కడో కరెంటు పారినట్టే. అది ఎక్కడో వెతికి పట్టుకోవడమే నా పని. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అలాగే వెతికాను.

నాకు తెలిసిన ప్రభుదాస్ అన్న జహనుమాలో ఉంటాడు. బస్సు డిపోలో మెకానిక్. ఆయన భార్య సలోమి వదిన వాళ్ల వీధి చివరి చిన్న చర్చిలో ఏళ్ల తరబడి కీబోర్డు వాయించింది. పోయిన ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక కొంత వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టింది పెట్టినట్టే ఉండేది.

వానలు మొదలయ్యాక ఆయన కీబోర్డును దుప్పట్లో చుట్టుకుని ఆటోలో తెచ్చాడు. అసలు సౌండే రావడం లేదన్నాడు. తేలికైన రోగమే. హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రంలో చిన్న రేకు వంగిపోయింది. దాంతో హెడ్‌ఫోన్ పెట్టే ఉందనుకుని కీబోర్డు స్పీకర్లను ఆపేసింది. రేకు సరిచేశాను. మీటల కింది రబ్బరు పట్టీలు తుడిచాను. లోపల దాచుకున్న పాత రికార్డింగులు వినిపిస్తే గరగరమంటున్నాయి. ఆయన్ను అడిగి వాటన్నింటినీ చెరిపేసి, కొత్తదానిలా చేసి ఇచ్చాను.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. ఈసారి కీబోర్డు తేలేదు. చాయ్ గ్లాసు చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"తమ్మీ, ఆమె కుడి చేత్తోని వాయిస్తది. ఎడమ చెయ్యి వాయించేదంత అదే మోగుతది," అన్నాడు.

నేను తేలిగ్గా తీసుకున్నాను. తోడుగా తాళం, శ్రుతి వాయించే సౌకర్యం చాలా కీబోర్డుల్లో ఉంటుందని, ఏదో బటన్ నొక్కుకుపోయి ఉంటుందని చెప్పాను. కానీ ఆయన ఫికర్ వేరే. చేతికి వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి ఇంటికి వస్తోంది. ఈ నెలల్లో కదిలిస్తేనే చెయ్యి వస్తుందని, ఆలస్యం చేస్తే కష్టమని గట్టిగా చెప్పింది. కీబోర్డు ఇలా మోగడం మొదలయ్యాక వదిన వ్యాయామం మానేసింది. పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటోంది. ఏమన్నా అంటే, నా చెయ్యి మంచిగనే ఉంది కదా అంటోందట.

"దాన్ని బంద్ జెయ్యి తమ్మీ. గిట్లనే ఉంటే ఆమె చెయ్యి పోతది," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక జహనుమా వెళ్లాను. ముందు గదిలో కిటికీకి లేత ఆకుపచ్చ తెర కట్టి ఉంది. దానిలోంచి వచ్చే వెలుతురులో గదంతా చెరువు అడుగున ఉన్నట్టు కనిపించింది. పక్కింటి గేదెల కొట్టంలోంచి తడిసిన గడ్డి వాసన. వదిన నన్ను చూసి నవ్వి, ఏమీ అడక్కుండానే వాయించడం మొదలుపెట్టింది.

నా కళ్లు ఆమె మీద లేవు, బటన్ల పక్కనుండే లైట్ల మీద ఉన్నాయి. తాళం ఆగి ఉంది. తోడు వాయిద్యం ఆగి ఉంది. రికార్డింగు ఖాళీ అని తెరమీద కనిపిస్తూనే ఉంది. ఆమె కుడిచెయ్యి పై స్వరాల మీద నడుస్తోంది. కింది స్వరాలు వాటంతటవే, మెత్తగా, దూరంగా ఎవరో తలుపేసుకుని వాయిస్తున్నట్టు వస్తున్నాయి.

ఒకచోట ఆమె తడబడి ఆగింది. కింది స్వరాలు కూడా ఆగాయి. ఆమె మళ్లీ అందుకున్నాకే అవీ కదిలాయి. రికార్డు చేసిన పాట అలా ఆగదు, దాని దారిన అది పోతుంది. నేర్చుకునేవాళ్ల కోసం ఆగే కీబోర్డులు కొన్ని ఉన్నాయి, ఇది అలాంటిది కాదు. నేను కూర్చుని అదే వరస వాయించి చూశాను. నా వేళ్ల కింద నేను నొక్కింది తప్ప ఇంకేదీ పలకలేదు.

అది ఏ పాట వదినా అని అడిగాను.

"ఆస్పత్రిల పండుకొని మనసుల అల్లుకున్న. ఎవ్వరికి వినిపియ్యలే. ఎడమ చెయ్యి గిట్ల వాయించాలె అని అనుకున్న, గంతే," అంది.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. నిద్రలోకి జారే ముందు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. ఇంకొంచెంసేపు అక్కడే కూర్చుని వినాలనిపించింది. అటు ప్రభుదాస్ అన్న వంటింటి గడపలో నిలబడి నా మొహంలోకే చూస్తున్నాడు.

కీబోర్డును దుకాణానికి తెచ్చుకున్నాను. కార్వాన్‌లో నాలాగే రిపేర్లు చేసే ఖలీల్ భాయ్ దగ్గర అదే మోడల్‌ది, మీటలు పాడైపోయిన కీబోర్డు ఒకటి ఉంది. దానిలోంచి అసలు బోర్డు, అంటే శబ్దాలన్నీ పుట్టే బోర్డు, తీసి దీనికి బిగించాను. పాత బోర్డును ఖలీల్ భాయ్ తన దగ్గర పెట్టుకుని పరీక్షించాడు.

"ఇస్ మే కుచ్ నహీ హై భాయ్, బిల్కుల్ ఖాలీ," అన్నాడు, దాంట్లో ఏమీ లేదని.

దుకాణంలో దాన్ని రకరకాలుగా వాయించి చూశాను. ఏ లోపమూ లేకుండా పనిచేసింది. ఇక పీడ వదిలిందని జహనుమా తీసుకెళ్లి వదిన ముందు పెట్టాను.

ఆమె కుడిచేత్తో ఆ పాటే అందుకుంది. కొద్దిసేపటికి కింది స్వరాలు వచ్చాయి. అదే మెత్తదనం, అదే దూరం. నేను బిగించిన వేరే బోర్డులోంచి వస్తున్నాయి.

ప్రభుదాస్ అన్న లొల్లి చేస్తాడనుకున్నాను. చేయలేదు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, ఒళ్లో ఉన్న ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అది ఎవ్వరి చెయ్యో నాకు తెల్వది సలోమీ. నాకు ఈ చెయ్యి కావాలె," అన్నాడు.

ఆమె కుడిచేత్తో ఆ ఎడమ చేతిని ఎత్తి, మెల్లగా కింది మీటల మీద పెట్టుకుంది. మళ్లీ పాట అందుకుంది.

కింది స్వరాలు రాలేదు. ఆమె ఆగి, మొదటి నుంచి వాయించింది. రాలేదు. కుడిచేతి పాట ఒక్కటే గదిలో తిరిగింది. అప్పుడు ఆమె పళ్లు బిగబట్టి నడిమి వేలిని కదిలించే ప్రయత్నం చేసింది. నుదురంతా చెమట పట్టింది. ఎంతసేపటికో ఒక్క స్వరం, వినిపించీ వినిపించనట్టు, పలికింది.

"ఇగ నేనే వాయించుకోవాలె," అంది. అని ఏడ్చింది.

ఆ రోజు నుంచి వ్యాయామం మానలేదు. చలికాలం వచ్చేసరికి వేళ్లు కొన్ని కదిలాయి. కీబోర్డు మళ్లీ ఎప్పుడూ అలా మోగలేదు.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. ఆమె తెలియకుండా ఏదైనా నొక్కేదేమో అనుకున్నాను, కానీ కళ్లారా చూశాను, నొక్కలేదు. మా ముగ్గురి చెవులూ ఒకేలా మోసపోయాయేమో అనుకున్నాను. ఖలీల్ భాయ్‌కి అంతా చెబితే నవ్వలేదు. ఆ పాత బోర్డును మాత్రం ఇంకో కీబోర్డుకు వాడనని పక్కన పెట్టేశాడు. నా పనిలో కారణం దొరకకుండా మిగిలిపోయింది ఇదొక్కటే.

మొన్న ఒక ఆదివారం వాళ్ల చర్చికి వెళ్లాను. వదిన రెండు చేతులతో ఆ పాట వాయించింది. ఎడమ చెయ్యి చాలాచోట్ల తప్పింది. తప్పిన ప్రతిచోటా ఏదైనా పలుకుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏమీ పలకలేదు. పక్కకు చూస్తే ప్రభుదాస్ అన్న కూడా తల కొంచెం ముందుకు వంచి, ఊపిరి బిగపట్టి వింటున్నాడు.