వేరుశనగకాయల మీద వేసిన నింద

నా చిన్నప్పుడు ఒక ఏడు, నాలుగైదు నెలలపాటు, పొద్దున కళ్లు తెరవకముందే దుప్పటి కింద రెండు పిడికిళ్లూ బిగించి చూసుకునేదాన్ని. వేళ్లు బాగా ముడుచుకుంటే ఆ రోజుకు గండం గడిచినట్టు. కొంచెం బిగుతుగా అనిపించిందా, ఇక ఆ రోజు బడిలో పాఠం ఎక్కదు, ఇంట్లో ముద్ద దిగదు, కాలు కాలిన పిల్లిలా తిరగడమే. నాలుగో తరగతి పిల్లకు ఇదేం పిచ్చి అనుకుంటారేమో. చెప్తాను. ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు కాబట్టి సాగదీయకుండానే చెప్తాను.

మాది కుందుర్పి పక్కన ఒక మెట్ట పల్లె. ఉన్నదంతా ఎర్ర నేల, వేసేదంతా వేరుశనగ. తొలకరి ముందు విత్తనాల కోసం కాయలు వలిచే పని మా ఊళ్లో ఒక పెద్ద ఆరాటం. మరీ ముందుగా వలిస్తే గింజ పాడైపోతుంది, మొలవదు. ఆలస్యం చేస్తే పడిన ఒక్క వానా చేజారుతుంది. అందుకని మబ్బు కనిపించగానే ఆడవాళ్లంతా ఒక ఇంటి వసారాలో చేరి, కాయల మీద నీళ్లు చల్లి మెత్తబరిచి, పొద్దస్తమానం వలిచేవాళ్లు. చేతులు వాళ్లవి, కళ్లు మాత్రం ఆకాశం మీద. మా అమ్మకు ఆ పనిలో సాటి లేదు. పక్కవాళ్లు చేట నింపేలోపు ఆమె రెండు చేటలు నింపేది. పప్పు మీద పొర కూడా చిట్లేది కాదు.

ఆ ఏడు మా అమ్మ వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేస్తే చేతులు కట్టెలు కట్టెలుగా ఉండి, ఎండ ఎక్కితే గానీ వదిలేవి కావు. ఎవరూ కంగారు పడలేదు. వలిచే పని ముమ్మరంగా ఉన్నప్పుడు వేళ్లు నొయ్యడం మా వైపు మామూలే. తడి కాయలు పొద్దస్తమానం నొక్కితే వాయకేం చేస్తాయి అన్నారు అందరూ. ఆముదం రాశారు, ఉప్పు మూటతో కాపడం పెట్టారు, వలవడం మానితే అదే పోతుందన్నారు. అమ్మ మానేసింది. విత్తనం పడింది, పైరు పూతకొచ్చింది, వాన ఎగ్గొట్టింది, పైరు ఎండింది. అమ్మ వేళ్ల వాపు మాత్రం పోలేదు.

సంకటి కెలకడం చూసినవాళ్లకు తెలుస్తుంది, అది చేతుల బలంతో చేసే పని. అమ్మ కట్టె పట్టుకోలేకపోతే మా నాయన కెలికాడు. ఉండలు ఉండలుగా వచ్చిన ఆ సంకటిని నేను ముందుకు తోసేసి ఏడ్చాను. నా జడ కూడా వేయలేకపోయేది. సగం అల్లి వదిలేస్తే, అందరి అమ్మలూ వేస్తుంటే నీకేమైందని ఇల్లు పీకి పందిరి వేశాను. ఆమె నా జుట్టు విప్పి, నొప్పికి పెదవి కొరుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టింది. ఈ వయసులో కూడా ఆ మాట తలుచుకుంటే నన్ను నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

దసరాకు మా అవ్వ వచ్చింది, అమ్మను కన్న తల్లి. తనకల్లు నుంచి బస్సులు మారి వచ్చి, కూతురు పడే అవస్థ చూసి ఇక్కడే ఉండిపోయింది. అవ్వ వేళ్లు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక పక్కకు వాలిపోయి ఉండేవి. అవి కూడా కాయలు వలిచీ వలిచీ అట్లా అయ్యాయని మా ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు. కష్టపడిన చేతులని మా నాయన గౌరవంగా చెప్పుకునేవాడు. అవ్వ ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి ఏదో పని మీద లోపలికి పోయేది.

ఒక పొద్దున తల్లీ కూతురూ వసారాలో పక్కపక్కన కూర్చుని ఉంటే, పక్కింటి అత్త వచ్చి కాసేపు చూసి, మనసులో మాట దాచుకోకుండా అనేసింది. "ఏమప్పా, తల్లీ బిడ్డల చేతులు ఒకే అచ్చులో పోసినట్టుండాయే!" అవ్వ గబుక్కున చేతులు పైట కిందికి లాక్కుంది. అమ్మ నవ్వింది. "ఇద్దరమూ శెనిక్కాయలు వలిచినోళ్లమే కదత్తా." పక్కింటి అత్త అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. నా వైపు తిరిగి, నా చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంక నీ వంతు ఎప్పుడో పాపా" అంది. ఎగతాళికే అంది. నేను పిడికిలి బిగించి చూసుకోవడం మాత్రం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

చలికాలంలో ఒక రోజు సంకటి కుండ అమ్మ చేతిలోంచి జారి పాదం మీద పడింది. బొబ్బలెక్కిన కాలు చూసి మా నాయన ఇక ఎవరి మాటా వినలేదు. అనంతపురం పెద్ద డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరదీశాడు. అవ్వ తోడు వస్తానంది. తమ్ముడితో పాటు నన్నూ పక్కింటి అత్త దగ్గర వదిలి వెళ్తామన్నారు గానీ బస్సు కడ్డీ పట్టుకుని నేను చేసిన గోలకు కండక్టరే, "ఎక్కించుకోండప్పా, ఊరంతా లేసొస్తాండాది" అన్నాడు. ఆ రోజు నాకు డాక్టరమ్మతో పనుంది మరి. నాకూ వస్తుందా రాదా, అది అడగాలి.

డాక్టరమ్మ అమ్మ వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. మణికట్లు చూసింది, మోకాళ్లు చూసింది. పొద్దున ఎంతసేపు బిగుసుకుంటాయని అడిగింది. తర్వాత కాగితం మీద రాస్తూ, మీ అమ్మకు గానీ అక్కచెల్లెళ్లకు గానీ ఇట్లాంటిది ఉందా అని అడిగింది. అమ్మ లేదంది. నాయన కూడా లేదన్నాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు, వాళ్లు నమ్మిందే చెప్పారు. అవ్వ గోడ వారగా నిలబడి ఉంది, చేతులు పైట కింద.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. "మా అవ్వ వేళ్లూ అట్లే ఉండాయి" అనేశాను. నాయన నా వైపు ఉరిమి చూశాడు. అమ్మ సర్ది చెప్పింది. "అవి కాయలు వలిచి వంకర పోయినాయమ్మా. వయసు కూడా అయింది."

అప్పుడు అవ్వ ముందుకొచ్చింది. పైట తీసి రెండు చేతులూ డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. "కాదు తల్లీ. నేను చెప్పింది అబద్ధం. ఈ బిడ్డను కన్న ఏడే నాకు మొదలైనాది. అప్పటికి మా ఇంట్లో శెనిక్కాయ పంటే లేదు. కొర్రలూ జొన్నలే. నేనేం వలిచేది?"

అమ్మ కుర్చీలోంచి లేవబోయి, కాలు నొప్పికి మళ్లీ కూలబడింది. "నువ్వే కదమ్మా చెప్పినావు, చిన్నప్పట్నుంచీ నువ్వే కదా" అంది. ఆమె గొంతు అట్లా పలకడం నేను ఎప్పుడూ వినలేదు.

అవ్వ ఆగి ఆగి చెప్పింది. వాళ్ల ఊరికి వేరుశనగ తర్వాత వచ్చిందట, ఆడవాళ్లంతా వలవడం మొదలుపెట్టి వేళ్ల నొప్పులని మూలిగేవాళ్లట. అప్పుడు తన వేళ్లకు ఒక సాకు దొరికింది. పనిచేసి వంకర పోయాయంటే నలుగురూ అయ్యో అంటారు. రోగం అంటే, అది పుట్టింటి నుంచి తెచ్చుకుందంటే, ఆమె బిడ్డను ఎవరు చేసుకుంటారు? తన మేనత్త ఒకామె ఇట్లాగే మంచాన పడితే, ఆ ఇంటి ఆడపిల్లలను పెళ్లిచూపులు చూడడానికి వచ్చినవాళ్లు గడప దగ్గరే తిరిగిపోయారట. "నా బిడ్డ బతుకు బాగుండాలని కాయల మీద తోసేసినా తల్లీ. కాయలకు నోరుందా కాదనేకి?"

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. అవ్వను కూర్చోబెట్టి ఇంకా అడిగింది. తోబుట్టువులు ఎంతమంది, ఎవరికైనా గొంతు వాపు ఉందా, ఒంటి మీద తెల్ల మచ్చలు ఉన్నాయా అని. అవ్వవాళ్లు అయిదుగురట. కొత్తచెరువులో ఇచ్చిన చెల్లెలికి మోచేతుల దాకా తెల్ల మచ్చలట, అందుకే ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల రవికె వేసుకునేదట. మిగిలిన ముగ్గురికీ ఏమీ లేదట. డాక్టరమ్మ అదంతా రాసుకుంది.

మా నాయన మెల్లగా అడిగాడు. "అంటే ఇది వంశంలో వచ్చేదేనా అమ్మా?" ఆమె చెప్పింది నాకు అప్పుడు సగమే అర్థమైంది, మిగతా సగం పెద్దయ్యాక అర్థమైంది. ఒంటికి కాపలా ఉండే శక్తి దారి తప్పి, కాపలా కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు, సొంత కీళ్ల మీదే పడుతుందట. కొన్ని ఇళ్లలో ఆ గుణం తరం నుంచి తరానికి దిగుతుందట. ఒకరికి కీళ్ల మీద పడితే ఇంకొకరికి చర్మం మీద, ఇంకొకరికి గొంతులోని గ్రంథి మీద పడొచ్చట. గుణం దిగినంత మాత్రాన జబ్బు రావాలని లేదట, చాలామందికి రానే రాదట. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేమట. కాయలు వలవడం వల్ల మాత్రం రాదని గట్టిగా చెప్పింది. ముందే తెలిసి, వాపు మొదలైనప్పుడే వచ్చి ఉంటే వేళ్లను ఇంకా బాగా కాపాడుకోగలిగేవాళ్లమంది. ఆ మాటకు అవ్వ తల వంచుకుంది.

నేను ఇంక ఆగలేకపోయాను. "నాకూ వస్తాదా?" అని అడిగాను. డాక్టరమ్మ నా మొహం చూసి, "తెలీదు పాపా" అంది. లేదని చెప్తుందనుకుని అంత దూరం వచ్చిన దాన్ని, తెలీదంటే ఏం చేసేది? అక్కడే గుక్కపెట్టి ఏడ్చాను.

బస్టాండులో అమ్మ ఒక పక్క, అవ్వ ఒక పక్క కూర్చున్నారు, మధ్యలో ఎవరో మనిషి చచ్చిపోయినట్టు. నాయన బస్సు కోసం అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను అవ్వ పక్కన కూర్చుని, ఎవరూ చూడడం లేదనుకుని పావడా మడతలో పిడికిలి బిగించాను. ఆ పిడికిలి మీద అవ్వ తన వంకర వేళ్లు పెట్టింది.

"రోజూ పొద్దున నువ్వు చేసేది చూస్తానే ఉండా" అంది. నాకు సిగ్గేసింది. "నేనూ చూసినా పాపా. మీ అమ్మ నిద్రపోతాంటే దాని వేళ్లు ఒకటొకటే తడిమి చూసినా. చంటిపిల్లప్పట్నుంచీ పెండ్లి దాకా. ఏమీ లేదు, ఏమీ లేదనుకుంటా బతికినా. మొన్న దసరాకు వచ్చి చూస్తే ఉండాది. చూసి నోరు మూసుకున్నా." కాసేపు బస్సుల రొదలో ఆమె గొంతు వినిపించలేదు. మళ్లీ అంది. "చూసుకునేది తప్పు కాదు. చూసి చెప్పకపోయేదే తప్పు. రేపట్నుంచి నీ పిడికిలి మూసుకుంటే లేసి ఆడుకో, మూసుకోకపోతే అరిసి ఊరంతా చెప్పు. నీకు అరిసేది బాగానే వచ్చు గదా."

ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. అమ్మకు కూడా వినబడింది. కాసేపటికి ఆమె తన దగ్గరున్న బన్ను తుంచి ఒక ముక్క అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ అది తినలేదు, బస్సు వచ్చేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

మందులతో అమ్మ నొప్పులు చాలా తగ్గాయి. వంగిన రెండు వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఆమె అవ్వను ఎప్పుడు క్షమించిందో నాకు తెలీదు, అసలు క్షమించిందో లేదో కూడా తెలీదు. అవ్వ చివరి మూడేళ్లూ మా ఇంట్లోనే ఉంది, అంతే నాకు తెలిసింది.

నా వేళ్లకు ఏమీ రాలేదు. నలభై దాటాక థైరాయిడ్ వచ్చింది. మా తమ్ముడికి ఏదీ రాలేదు, వాడు గుండ్రాయిలా ఉన్నాడు. కిందటేడు నా కూతురు పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మా, నీళ్ల సీసా మూత తిప్పలేకపోతున్నా" అంది. ఆ మధ్యాహ్నానికే వాళ్ల ఊళ్లో ఆసుపత్రిలో ఉన్నాం. నా బిడ్డకు ఒక పక్క నేను, ఇంకో పక్క వాళ్ల అత్తగారు. డాక్టరు చిన్నవాడు, కంప్యూటర్ మీద కొట్టుకుంటూ, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయామ్మా?" అని అడిగాడు.

వియ్యపురాలు నా వైపు తిరిగింది. మీరు నమ్మండి నమ్మకపోండి, ఇంత తెలిసిన నాకు, ఇంత అరిచే నాకు, నాలుక కొసకు "లేదు" అన్న మాట వచ్చి నిలబడింది. నా బిడ్డ ఆ ఇంట్లో బతకాలి కదా అని. అవ్వ ఎందుకు అబద్ధమాడిందో అంతవరకు నాకు తెలుసనుకున్నాను, తెలిసింది ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే.

తర్వాత గుటక మింగి అన్నీ చెప్పాను. మా అవ్వ వేళ్లు, ఆమె మేనత్త, చెల్లెలి మచ్చలు, మా అమ్మ, నా గొంతు. ఒకటి కూడా వదల్లేదు. నా కూతురు నోరు తెరుచుకుని వింది, దానికి సగం తెలీదు. నేను కూడా దానికి చెప్పలేదన్నమాట. ఇప్పుడు దాని వేళ్లు బాగున్నాయి, తొందరగా పట్టుకున్నాం కాబట్టి. అయినా నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒకటే. నిజం చెప్పడానికి మా అవ్వకు ముప్పై ఏళ్లు పట్టింది. నాకు గుటక మింగినంత సేపు పట్టింది. నా బిడ్డకు ఆ మాత్రం కూడా పట్టకూడదు.