పూలదండ కోసం తొలిచిన రంధ్రాలు

మీరు భక్తితో చేసిన పనే మీ వాహనాన్ని బలహీనపరిచిందని ఎవరైనా చెబితే, ఆ మనిషి మీద మీకు కోపం వస్తుందా, కృతజ్ఞత కలుగుతుందా?

గత సంవత్సరం, ఆయుధపూజకు రెండు రోజుల ముందు, బాగేపల్లిలో హైవే పక్కనున్న మా ఫైబర్ షెడ్డులో ఈ ప్రశ్న నాకు ఎదురైంది. జీపుల టాపులు, బస్సుల బంపర్లు, నీళ్ల తొట్టెలు, ఇలా ఫైబర్‌గ్లాస్‌తో చేసినది ఏది పగిలినా మేము బాగుచేస్తాము. నాన్న మొదలుపెట్టిన ఈ పనిని, చిక్కబళ్లాపురంలో డిగ్రీ ముగిశాక నేను చూసుకుంటున్నాను. కాలేజీలో మాత్రం నన్ను చర్చాస్పర్ధె అమ్మాయి, అంటే వాదనల పోటీల అమ్మాయి అనేవారు. ఎదుటివారికి జవాబు మిగల్చకపోవడమే గెలుపని అప్పట్లో నా నమ్మకం.

ఆ ఉదయం పరగోడు రైతు వెంకటరమణప్ప, ఆయన కూతురు మంజుల ఒక పాత చిన్న కారులో వచ్చారు. దాని బాడీ అంతా ఫైబరే. మంజుల చింతామణిలో నర్సు. రోజూ ఆ కారులోనే వెళ్లివస్తుంది. బానెట్ ముందు అంచున, దాన్ని పట్టి ఉంచే గడియ చుట్టూ, చిటికెన వేలు దూరేంత రంధ్రాలు వరుసగా కనిపించాయి.

"ఇవి ఎట్ల పడినాయప్పా?" అని అడిగాను.

"పడలేదమ్మా, నేనే వేసినా," అన్నాడు పెద్దాయన గర్వంగా. "ఆయుధపూజకు పూలదండ కట్టల్ల కదా. ఇనుప బండికి బెజ్జం వేసేది కష్టం. ఇది మెత్తగా ఉండాది, డ్రిల్లు పెడితే వెన్నలో దిగినట్ల దిగుతుంది."

"పోయిన సంవత్సరం బెజ్జాలు పనికిరావా?"

మంజుల నవ్వింది. "అవి ఎంగిలి బెజ్జాలంట! మా నాయన దేవునికి ఏటా కొత్తవే కావల్లంట."

"నువ్వు నవ్వుతాండు," అని కూతురిని కసిరి, ఆయన నా వైపు తిరిగాడు. "పైన పుట్టీ మెత్తి రంగు కొట్టేయమ్మా. అన్నీ మూసేసి, ఈ యేటికి రెండు కొత్తవి నువ్వే నీటుగా వేసియ్."

నేను నవ్వబోయాను. అంతలో మంజుల చెప్పిన మాటకు నవ్వు ఆగిపోయింది. "పోయిన వారం రోడ్డు మీద గడియ ఊడి, బానెట్ జానెడు పైకి లేచిందక్కా. వెంటనే బ్రేకు వేసినా. పూర్తిగా లేచి అద్దానికి కొట్టుకొనుంటే నాకు దారి యాడ కనపడుతుంది?"

"నువ్వు సరిగ్గా మూసి ఉండవు," అన్నాడు తండ్రి.

ఫైబర్‌గ్లాస్ అంటే రెజిన్ అనే జిగట ద్రవంలో తడిపి, పొరమీద పొరగా పేర్చి గట్టిపడనిచ్చిన గాజు నారల చాప. రంధ్రం వేస్తే ఆ నారలు తెగుతాయి. తెగిన అంచులోంచి వాన నీరు దిగితే, కాలక్రమేణా పొరలు విడిపోతాయి. దీన్నే డీలామినేషన్ అంటారు. అక్కడ గడియ బోల్టులకు పట్టు ఉండదు. పుట్టీ నునుపునిస్తుందే కాని బలాన్ని ఇవ్వదు. బానెట్ విప్పి, పొరలు విడిన భాగాన్ని గ్రైండర్‌తో తొలగించి, అంచులను ఏటవాలుగా అరగదీసి, లోపలి వైపు నుంచి కొత్త పొరలు వేయాలి. అవి గట్టిపడేదాకా ఆగాలి. అంటే పూజ నాటికి కారు ఇంటి ముందు ఉండదు.

ఇదంతా పోటీలో చెప్పినట్టు వరుసగా, కారణాలతో వివరించాను. వెంకటరమణప్ప చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"బాగా మాట్లాడినావమ్మా. పుట్టీ ఎప్పుడు మెత్తుతావు?"

నా వాదనలో తప్పు లేదు. అయినా ఆ కారు అలాగే చింతామణి దారి పట్టబోతోంది. నేను జేబులోంచి ఒక నాణెం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"అప్పా, సంతలో కుండ ఎట్ల చూసి కొంటారు?"

"తట్టి చూస్తా."

"దీన్ని కూడా తట్టండి. అద్దం దగ్గర మొదలుపెట్టి ముందుకు రండి."

అద్దం దగ్గర నాణెం ఖణేల్‌మంది. గడియ దగ్గరికి వచ్చేసరికి, తడి అట్టను కొట్టినట్టు మొద్దుగా పలికింది. ఆయన వెనక్కి వెళ్లి మళ్లీ తట్టుకుంటూ వచ్చాడు. మూడోసారి చెయ్యి మధ్యలోనే ఆగింది.

"పగిలిన కుండ ముందర పెట్టి పంపిస్తాంటినా నిన్ను?" అన్నాడు కూతురితో. తర్వాత నా వైపు చూడకుండానే, "విప్పమ్మా," అన్నాడు.

పూజ రోజు నేను బానెట్ లోపలి వైపు ఆఖరి పొర వేస్తుండగా ఆయన పూలు, కుంకుమ పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. బండి రాకుంటే పూజే బండి దగ్గరికి వస్తుందన్నాడు. నేను ఆపేలోగానే తడి రెజిన్ మీద బొట్టు పెట్టేశాడు. వేలు అంటుకోగానే కంగారుపడ్డాడు.

"అయ్యో, తుడిచేసేదా?"

"వద్దప్పా. ఉండనీ."

ఆ బొట్టు అక్కడే గట్టిపడింది. గడియ వెనక ఇనుప పట్టీ బిగించి బానెట్ అమర్చాక, మంజుల తానే నాణెంతో అంచంతా తట్టి చూసుకుంది. ఎక్కడా మొద్దు శబ్దం లేదు. ఈ యేడు పూజకు దండను రెండు పక్కల అద్దాలకు దారంతో కట్టారు. దారం ఏటా కొత్తదే కాబట్టి ఎంగిలి మాట రాలేదు.

ఎదుటివారిని నిరుత్తరులను చేయడం గెలుపని ఇప్పుడు నేను అనుకోను. ఆ రోజు ఆయన ఒప్పుకున్నది నాకు జవాబు చెప్పలేక కాదు. తన చేతితో, తన చెవితో తెలుసుకుని ఒప్పుకున్నాడు.

అందుకే మీతోనూ వాదించను. మీ ఇంట్లో ఫైబర్ బాడీ వాహనం ఉంటే, ఈ రోజే ఒక నాణెం తీసుకుని రంధ్రాల చుట్టూ, గడియల చుట్టూ తట్టండి. మొద్దుగా పలికితే, లోపలి వైపు నుంచి అతికించమని అడగండి. పైన పుట్టీ మెత్తితే చాలన్న చోట తాళంచెవి ఇవ్వకండి. వచ్చే ఆయుధపూజకు దండను దారంతో కట్టండి, డ్రిల్లుకు బొట్టు పెట్టి పక్కన ఉంచండి.