తొలివాన డాబాకే

రంగులమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, వాన వచ్చేది. కలలోనే లెండి. సన్నగా మొదలై, డాబా మీద చిటపటలాడి, గొట్టం గుండా సంపులోకి గలగలా దిగేది. ఆమె చాప మీద పడుకునే ఆ చప్పుడు హాయిగా వింటూ ఉండేది. కళ్లు తెరిస్తే పెరట్లో ఎండ, తీగ మీద పొడి నూలు. మెడ మీద చెమట తప్ప తడన్నది లేదు.

నూలుకి రంగులు అద్దే ఇల్లు కాబట్టి ఆమెకి ఆ పేరు. అసలు పేరుతో పెళ్లినాడు ఎవరో పిలిచారట, ఆ తర్వాత ఎవరికీ అవసరం పడలేదు. ఆ ఇంటి ఎరుపంటే నేతగాళ్లు పడి చచ్చేవారు. కిటుకు రంగులో లేదు, నీళ్లలో ఉంది. బోరు నీళ్లు ఉప్పు కషాయం. అందులో ముంచితే ఎరుపు కాస్తా ఇటుకపొడి అవుతుంది. వాన నీళ్లయితే నూలు రంగుని కడుపారా తాగుతుంది. అందుకే పెరట్లో సంపు, డాబా నుంచి దానికో గొట్టం.

ఆ గొట్టం మూతి మాత్రం అత్త చేతిలో. తొలివాన డాబాకే అన్నది ఆవిడ శాసనం. పేరుకున్న దుమ్మూ, పిట్టల రెట్టా కడుక్కుపోవాలి గనక మొదటి వానని వీధి కాలవలోకి వదిలేస్తారు. రెండో వానకి మూతి సంపు వైపు తిప్పుతారు. ఆ వీధిలో ఇళ్లన్నీ అంతే. గుక్కెడు నీళ్లకి కటకటలాడే చోట ఇదొక దర్జా!

నిరుడూ అలాగే వదిలేశారు. కుండపోత. కాలవ పొంగి పొర్లింది. రెండో వాన కోసం కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నారు. అది రానేలేదు. సంపు అడుగున బల్లులు తిరిగాయి. ఎరుపు పాలిపోయింది. నేతగాళ్లు నూలు చూసి, మనసు నొప్పించకుండా ఏదో చెప్పి, వేరే ఇంటికి వెళ్లిపోయారు. ఈ ఏడూ ఇంతే అయితే రంగు బానలు బోర్లించి, పని మూసేసుకోవడమే.

ఒకరోజు భర్త ఏదో మీటింగులో విని వచ్చి చెప్పాడు. “మొత్తం మీద వాన తగ్గకపోవచ్చట. కానీ వానకీ వానకీ మధ్య ఎడం పెరుగుతుందట. ఏడాది వానంతా ఒక్క పూటలో కురిసిపోయినా పోవచ్చంటున్నారు.”

“అంటే మొదటిదే ఆఖరిది కూడానా?” అంది రంగులమ్మ. “అత్తయ్యా, ఈసారి ముందే సంపులోకి తిప్పి పెడదాం.”

“తాతకు దగ్గులు నేర్పకు. ఆ మురికి దిగిందంటే సంపంతా పాడవుతుంది. మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెబుతున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ మూతి తిరగదు.”

రంగులమ్మకి ఒళ్లు మండింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, ఊడ్చి, గుడ్డ పెట్టి తుడవడం మొదలుపెట్టింది. “వాన చుట్టపుచూపుగా వస్తోందా ఏంటమ్మా, అంత తుడుస్తున్నావ్?” అని పక్కింటావిడ నవ్వింది. “చాదస్తం నాకొక్కదానికే ఉందనుకున్నాను,” అని అత్త కింద మంచం మీద కూర్చుని గొణిగింది. అయినా రంగులమ్మ మానలేదు.

ఆ మధ్యాహ్నం మళ్లీ వాన వచ్చింది. ముందు చిటపటలు, తర్వాత దడదడలు, గొట్టంలో గలగలలు. రంగులమ్మ కళ్లు మూసుకునే నవ్వుకుంది. మనిషి ఎన్నిసార్లని మోసపోతుంది? పక్కకి ఒత్తిగిలింది. అప్పుడు మట్టి వాసన వేసింది. ఆమె కలల్లో వానకి ఏనాడూ వాసన లేదు.

లేచి పరుగెత్తింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటారు సరే, వచ్చాక కూడా పడుకున్నదాన్ని ఏమనాలి? అంతా కాలవ పాలైపోయిందనే అనుకుంది.

పెరట్లో అత్త నిలువునా తడిసి నిలబడి ఉంది. గొట్టం మూతి సంపు వైపు తిరిగి ఉంది. నీటి వడికి అది ఊడిపోకుండా ఆవిడ రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

“అత్తయ్యా, మీరు...”

“ముందు వచ్చి పట్టుకో. డాబా మీద మురికెక్కడుందే, నువ్వు ఉంచితేగా.”

రంగులమ్మ ఆవిడ చేతుల మీద చేతులు వేసి పట్టుకుంది. నీళ్లు తేటగా దిగుతున్నాయి. ఆమెకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“మా అత్త అబద్ధం చెప్పలేదే,” అంది అత్త. “ఆవిడ చూసిన వాన వేరు.”

పొయ్యి మీద అన్నం ఉడికేలోపే వాన వెలిసిపోయింది. ఆ ఏడు మళ్లీ రాలేదు.